దీపం ముసలాయనను లేపిందెవరు

మా సంఘంలో నన్ను "రాయి సాక్ష్యం అమ్మాయి" అంటారు. నలభై దాటాయి, అయినా అమ్మాయినే. మాలో కొత్త ఇల్లు కొన్నా, కొత్త బండి కొన్నా, పిల్లలు పరీక్ష గట్టెక్కినా ఇంట్లో చాపలు పరిచి, పాస్టరుగారిని పిలిచి కృతజ్ఞతా కూడిక పెట్టుకుంటారు. పాటలు, వాక్యం అయ్యాక ఎవరో ఒక పెద్దావిడ నా వైపు తిరిగి, "నువ్వా రాయి సాక్ష్యం సెప్పమ్మా, ఇని సాన్నాళ్ళయింది" అంటుంది. విని నెల కూడా అయివుండదు. నేను కొంగు సర్దుకుని లేచి చెబుతాను.

సాక్ష్యం చిన్నదే. చిన్నప్పుడు నాకు కీళ్ళ జ్వరం వచ్చింది. గుండెకు ప్రమాదమని డాక్టరుగారు మంచం దిగవద్దన్నారు. ఆ రోజుల్లో మా అన్నయ్య ఆడే వీడియో గేమ్‌లో ఒక ముసలాయన రాయిగా మారిపోయాడు. ఆయన్ని లేపమని నేను దేవుణ్ణి అడిగాను. మరునాడు టీవీ పెట్టేసరికి ఆయన లేచి నడుస్తున్నాడు. రాయిని లేపినవాడు నన్ను లేపడా అనుకుని ఆ పూటే మంచం దిగి, గోడ పట్టుకుని వంటింటి దాకా నడిచాను. ఆ తర్వాత మంచం పట్టలేదు. దేవునికి స్తోత్రం.

ఇంతే. కానీ నా విశ్వాసమంతా ఈ కాస్త మీదే కట్టుకున్నాను. కాన్పు కష్టమైనప్పుడు, నాన్న పోయినప్పుడు, చేతిలో ఏమీ లేనప్పుడు, "ఆ ముసలాయన లేచాడు కదా" అని వెళ్ళి ఆనుకునే గోడ అది. ఈ ఏడాది ఆ గోడ కదిలింది. ఇది రాస్తున్నప్పటికి కూడా అది నిలబడి ఉందో పడిపోయిందో నాకు స్పష్టంగా తెలియదు. తెలియకుండానే రాస్తున్నాను.

కదిలించింది మా అన్నయ్యే. పోర్టులో క్రేన్ నడుపుతాడు. ఈమధ్యే దువ్వాడలో స్టేషన్‌కి కాస్త దూరంలో ఫ్లాట్ కొన్నాడు. అమ్మ వాళ్ళ దగ్గరే ఉంటుంది. ఒక మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

"సెల్లీ, మన ముసిలోడు మళ్ళీ వొచ్చాడే!"

"ఏ ముసిలోడన్నయ్యా?"

"దీపం ముసిలోడే. కొత్త వీడియో గేమ్ కన్సోళ్ళకి పాత ఆటలన్నీ తోమి, రంగులేసి మళ్ళీ అమ్ముతన్నారు. మనదీ వొచ్చింది. కొనీసాను."

"వదినకి తెలుసా?"

"తెలిసింది కాబట్టే నీకు ఫోన్ సేత్తన్నాను. నీకోసమే కొన్నానని సెప్పాను. రేపొచ్చి కూకో, లేపోతే నా కొంప మునుగుద్ది."

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. ఆయన్ని మళ్ళీ చూస్తానని ఎన్నడూ అనుకోలేదు. ఆ రాత్రి ప్రార్థనలో ఆట తయారుచేసినవాళ్ళకి కూడా వందనాలు చెప్పుకున్నాను. ఎవరో, ఏ దేశంలోనో, ఏ దేవుణ్ణి కొలుస్తారో.

ఆ ఆట మా ఇంటికి ఎలా వచ్చిందో చెప్పాలి. మా మేనమామ ఓడలో వంటవాడు. ఒకసారి సెలవుకి వస్తూ ఒక వీడియో గేమ్ సెట్టు, ఒక క్యాసెట్టు తెచ్చాడు. అప్పట్లో మేము ఉక్కునగరం క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. క్యాసెట్టు అట్ట మీద మంటల మధ్య కర్ర ఎత్తి నిలబడ్డ గడ్డపాయన బొమ్మ ఉంది. అమ్మ దాన్ని కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది. "ఇది మంత్రగాళ్ళ ఆట. మనింట్లో ఒద్దు" అంది. అమ్మ ఆదివారం బడిలో పిల్లలకు పాఠాలు చెప్పేది. చిల్లంగి, చేతబడి, తాయెత్తు, ఇవన్నీ ఎంత పాపమో బొమ్మలు గీసి మరీ చెప్పేది. అన్నయ్య ఏడ్చాడు. నాన్న ఉక్కు ఫ్యాక్టరీలో మధ్యాహ్నం బి షిఫ్టుకి వెళ్తూ చెప్పులు వేసుకుంటూ, "పిల్ల మంచంలో పడుంది, ఏదో ఒకటి సూడనీయే" అన్నాడు.

అమ్మ ఒక రోజంతా ఆలోచించి రాజీకొచ్చింది. కత్తితో ఆడొచ్చు. మూలికలు కొనొచ్చు. సత్రంలో పడుకోవచ్చు, అక్కడ పడుకుంటేనే ఆడినంత ఆట మరునాటికి నిలిచి ఉండేది. కానీ తెర మీద ఒక పక్కన మంత్రాల పెట్టె అని ఒకటుంది, అది మాత్రం తెరవకూడదు. ఆటకు ముందు చిన్న ప్రార్థన. ఆదివారం టీవీకి గుడ్డ కప్పాలి.

అలా ప్రపంచంలో అందరూ మంత్రాలు వేసి ఆడే ఆటని మేమొక్కళ్ళం మంత్రాల్లేకుండా ఆడాం. ఎవరైనా చూస్తే పిచ్చివాళ్ళనుకునేవారు. ఒక్క మంత్రంతో బూడిదయ్యే రాక్షసుణ్ణి అన్నయ్య కత్తితో గంటసేపు బాదేవాడు. సంతలో ఉన్న మూలికలన్నీ మేమే కొనేసేవాళ్ళం. కథ ముందుకు వెళ్ళేకొద్దీ ఆట తనంతట తనే కొత్త మంత్రాలు ఇస్తూ ఉండేది. అవన్నీ ఆ పెట్టెలో వాడకుండా పడివుండేవి, పెళ్ళికొచ్చి ఎప్పటికీ అటక దిగని స్టీలు సామాన్లలా.

నాకు అన్నం అరిగేది అక్కడే, చదువు వచ్చిందీ అక్కడే. జ్వరం వల్ల బడికి పంపలేదు కదా, అమ్మే మంచం పక్కన కూర్చుని లెక్కలు, తెలుగు, వాక్యం చెప్పేది. ఇంగ్లీషుకి మాత్రం ఈ ఆటే పుస్తకం. ఆటలో మనుషులు మాట్లాడితే మాటలు తెర కింద అక్షరాలుగా వచ్చేవి. అన్నయ్య బటన్లు నొక్కేవాడు, నేను పైకి చదివేదాన్ని, అమ్మ గుమ్మంలో నిలబడి అర్థం సరిచేసేది. నేను బటన్ ముట్టకూడదు. ఉద్రేకపడితే గుండెకు మంచిది కాదని.

కథలో ఒక రాజకుమారుడు, ఒక విలుకత్తె, వాళ్ళకు దారి చూపించే ఒక ముసలాయన. ముసలాయన చేతిలో దీపం ఉంటుంది. ఆయన లేకపోతే గుహలో అడుగు తీసి అడుగు వేయలేం. ఆయనంటే నాకు ప్రాణం. కారణం అడిగితే చెప్పలేను. ఏ ఊరు వెళ్ళినా ముందు బావి దగ్గరికి వెళ్ళి నిలబడేవాడు. అంతే. అలాంటి ఆయన్ని కథ మధ్యలో ఒక రాణి తన చూపుతో రాయిని చేసేసింది. ఊరి నడిబొడ్డున దీపంతో సహా రాయి. మేము ఉన్న మూలికలన్నీ వాడాం. లేవలేదు. నేను అన్నం మానేశాను. తర్వాత జరిగిందే నా సాక్ష్యం.

సరే, ఫోన్ వచ్చిన మరునాడు బస్సెక్కి దువ్వాడ వెళ్ళాను. అన్నయ్యకు ఆ రోజు వీక్లీ ఆఫ్. వదిన కాఫీ ఇచ్చి, "మీ అన్న నీ పేరు సెప్పి ఇంట్లోకి ఏటేటి తెత్తన్నాడో ఒకసారి లెక్క సూసుకో" అంది. అమ్మ వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

టీవీ గోడంత ఉంది. ఆట మొదలైంది. నేను ఆనందపడటానికి సిద్ధమై కూర్చున్నాను. కానీ మొదటి నిమిషం నుంచే నాకు ఏదో తేడాగా అనిపించింది. అది మా ఊళ్ళే, మా సత్రమే, కానీ ఎవరో ఇల్లు ఖాళీ చేయించి సున్నం కొట్టించినట్టుంది. అప్పట్లో పీపీమని వచ్చే సంగీతం ఇప్పుడు నిజం వయొలిన్లతో వస్తోంది. ముసలాయనకి ముడతలొచ్చాయి, గొంతొచ్చింది. నాకు గుర్తున్న ఆయన భుజం మీద నీలం శాలువా ఉండేది. ఇప్పుడు గోధుమరంగు.

"అన్నయ్యా, శాలువా రంగు మార్చీసారేటి?"

"ఉండు, పాత బొమ్మల్లో సూపిత్తాను. దీనికో బటనుంది." నొక్కాడు. చక్రంలా తిరిగి తెర పాతదైపోయింది. చిన్న చిన్న గళ్ళతో చేసిన మా పాత ముసలాయన. శాలువా అప్పుడూ గోధుమరంగే.

"ఇదికాదు" అన్నాను.

"ఇదేనే బాబూ."

"ఇదికాదన్నయ్యా, ఆయన ఇలా లేడు."

"మరెలాగున్నాడు? మన నాన్నలాగున్నాడా?" అని నవ్వాడు.

నేను నవ్వలేకపోయాను. ఇన్నేళ్ళు సాక్ష్యంలో "నీలం శాలువా కప్పుకున్న ముసలాయన" అనే చెప్పాను. చిన్న విషయమే. కానీ మనసులోంచి పోలేదు.

అన్నయ్య మా ఇంటి పద్ధతిలోనే ఆడాడు. కత్తి, మూలికలు. అలవాటు. రెండు మూడు సెలవు రోజులు అలా వెళ్ళి కూర్చున్నాక రాణి వచ్చింది, చూసింది, ముసలాయన రాయైపోయాడు. చిన్నప్పట్లాగే మూలికలన్నీ వాడాం. లేవలేదు. అన్నయ్య నా వైపు చూశాడు. "కానీ మరి. నీ పని నువ్వు సెయ్" అన్నాడు. వేళాకోళమే, కానీ గొంతు మెత్తగానే ఉంది.

నాకు సిగ్గేసింది. అయినా కళ్ళు మూసుకుని లోపల అడిగాను. కళ్ళు తెరిచాను. ఆయన అలాగే ఉన్నాడు. నా ప్రార్థనలో తేడా ఉందా, అప్పుడు పిల్లని ఇప్పుడు కాదు అందుకా, దేవునితో ఆటలా అని నన్ను నేనే తిట్టుకుంటున్నాను. ఈలోగా తెర మూలన ఒక చిన్న గుర్తు మెరిసింది. కొత్త ఆటల్లో దారి తెలియక తిరుగుతుంటే సాయం చేసే ఏర్పాటు ఒకటి పెట్టారు. అన్నయ్య నొక్కాడు. ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చింది. అలవాటుకొద్దీ నేనే పైకి చదివాను. మంత్రాల పెట్టె తెరిచి, విడుదల మంత్రం ఎంచుకో, దీపం మోసేవాడు తిరిగి లేస్తాడు. అదే దాని అర్థం.

ఆ వాక్యం మళ్ళీ ఒకసారి చదివాను.

"కొత్తగా పెట్టారేమో" అన్నాను.

అన్నయ్య ఫోన్ తీసి, ఆ పాత ఆటని ఆడినవాళ్ళు రాసుకున్నదంతా వెతికి చదివాడు. పాతదాంట్లోనూ అంతే. ఇంకో దారి లేదు. మూలికలతో లేవడు, కాలంతో లేవడు. ఎవరో ఒకరు ఆ పెట్టె తెరిచి తీరాలి.

"అన్నయ్యా, నువ్వే కదూ?"

"నానా? నాను ముట్టలేదే. అమ్మ మీద..."

"ఒట్టు పెట్టకు."

"పెట్టను. కానీ నాను కాదే. అప్పుడు నాకంత ధైర్యమేదీ? అమ్మ సూత్తే సంపీదే. శనివారం బడి నుంచొచ్చి టీవీ పెట్టేసరికి ముసిలోడు నడిసెల్తన్నాడు. నాకూ నీలాగే ఒళ్ళు గగుర్పొడిసింది."

నాన్న కాదు. నాన్నకు ఆ సెట్టు ఏ వైరు ఎక్కడ పెట్టాలో తెలియదు. మేనమామ అప్పటికే ఓడెక్కి వెళ్ళిపోయాడు. అన్నయ్య తల గోక్కుని, "పాత క్యాసెట్టు కదే, ఊది పెడితే ఒకోసారి ఆటే తలకిందులైపోయేది. ఏదో గడబిడై లేసుంటాడు" అన్నాడు.

ఆ మాట పట్టుకుని ఇంటికెళ్ళాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని దానికే వందనాలు చెప్పుకున్నాను. దేవుడికి క్యాసెట్టులో గడబిడ పుట్టించడం కష్టమా? కాదు కదా. గాజువాక దాటేసరికి ఆ సమాధానం సగం అరిగిపోయింది. గడబిడైతే అది ప్రార్థన చేసినా చేయకపోయినా వచ్చేదేమో. అప్పుడు నేను మంచం దిగింది దేని మీద నమ్మకంతో?

ఇంతలో వదిన ఫోన్. వచ్చే శనివారం ఫ్లాటులో కృతజ్ఞతా కూడిక. "పాస్టరుగారు అడిగీసారు, సాక్ష్యం నీదేనంట. మా కింద ఫ్లోర్లోవోళ్ళని కూడా పిలిసాను, రాయి సంగతి సెప్తే తెగ ముచ్చటపడ్డారు." సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక ఎలా చెప్పాలో తెలియలేదు. తెలిసి తెలిసి దేవుని పేరు మీద నాకు ఖాయంగా తెలియనిది చెప్పకూడదు. చెప్పనంటే అన్నయ్య ఇంటి మొదటి కూడిక వెలవెలబోతుంది. సాక్ష్యం లేకపోతే నేనెవరిని అన్న ప్రశ్న ఒకటి కూడా లోపల మెదిలింది. అది నాకు నచ్చలేదు.

శుక్రవారం పనులకు సాయం అని దువ్వాడ వెళ్ళాను. వదిన బజారుకెళ్ళింది. అమ్మ, నేను పెద్ద చేట ముందు పెట్టుకుని రేపటి పులావుకి బియ్యం ఏరుతున్నాం. అమ్మని అడగాలని ముందుగా అనుకోలేదు. చేతులు పనిలో ఉంటే నోరు తనంతట తనే తెరుచుకుంది.

"అమ్మా, నా చిన్నప్పుడు ఆ ఆటలో ముసలాయన రాయైపోయాడు గుర్తుందా? మంత్రమెయ్యందే లేవడంట."

"ఊఁ" అంది అమ్మ, తలెత్తకుండా.

"మరెవరు లేపారు?"

"ఆ వడ్లగింజ తియ్, నీ సేతి కిందే ఉంది."

తీశాను. అమ్మ ఇంకో గుప్పెడు బియ్యం ముందుకి లాక్కుంది.

"నాను నొక్కాను" అంది.

నేను విన్నానో లేదో నాకే అర్థం కాలేదు. అమ్మ చెప్పుకుపోతోంది, ఎవరింటి సంగతో చెప్పినట్టు. "అన్నం మానీసావు. జ్వరం తగ్గినా లెగవడం మానీసావు. ఆ డాక్టరు పిల్లకి భయం పట్టుకుంది, ఇంక లెగొచ్చమ్మా అన్నా నువ్వు లెగలేదు. శుక్రవారం ఉపోస ప్రార్థనకొచ్చినోళ్ళ ముందు ఆ బొమ్మ కోసం అడగమన్నావు, అందరూ నవ్వారు. నువ్వు గోడవైపు తిరిగి పడుకున్నావు. శనివారం నువ్వు మందేసుకుని నిద్రపోతంటే పెట్టె తెరిసాను."

"నీకు ఎలా తెలుసమ్మా?"

"రోజూ గుమ్మంలో నిలబడి సూత్తన్నాను కదే! మంత్రం ఒక్క నొక్కుడే. లేసాడు. అసలు పాట్లు తరవాత. సత్రంలో పడుకోబెడితే గానీ నిలవదు కదా? ఆ రాజకుమారుడు గోడకేసి నడుత్తాడు గానీ సత్రంలోకి ఎల్లడు! మీ అన్న బడి నుంచి వొచ్చే వేళైపోతంది. సెమటలు కారిపోయాయి."

నాకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. "మంత్రం పాపమని నువ్వే కదా..."

"అదేగా." అమ్మ చేయి ఆపింది. "ప్రార్థన సేసే నొక్కాను. ప్రభువా, ఇది మంత్రమైతే నా మీదెయ్, నా పిల్ల మీదెయ్యకు అన్నాను. తరవాత సానా శుక్రవారాలు ఉపోసమున్నాను దానికోసమే. అది మంత్రమో, బొమ్మ మీద బొమ్మ నొక్కడమో నాకిప్పటికీ తెల్దు. ప్రభువునే అడిగాను. సెప్పలేదు."

"ఇన్నేళ్ళు నేను అందరి ముందూ సాక్ష్యం చెబుతుంటే విన్నావు కదమ్మా. ఒక్కసారైనా చెప్పలేదే?"

"నువ్వు నడుత్తన్నావు. నడుత్తన్న పిల్లకి ఏటి సెప్తాను?"

నేను సాక్ష్యం చెప్పిన ప్రతిసారీ అమ్మ కొంగు తలమీదకి లాక్కుని, తల బాగా వంచుకుని కూర్చునేది. మీ అమ్మగారిది ఎంత భక్తమ్మా అనేవారు అందరూ. నేనూ అలాగే అనుకునేదాన్ని. ఆ కొంగు కింద ఆవిడ ఏం పడిందో ఇప్పుడు ఊహించబోతే అందదు. భక్తా, భయమా, నవ్వా. అడిగితే, "బియ్యం సూడు" అంది.

శనివారం వచ్చింది. హాల్లో చాపలు నిండిపోయాయి. టీవీకి వదిన తెల్ల దుప్పటి కప్పింది, మా అమ్మ పద్ధతి వదినకీ అంటుకుంది. పాటలయ్యాయి. పాస్టరుగారు ఇంటి కోసం ప్రార్థించి, "ఇప్పుడు మన సహోదరి" అని నా వైపు చూశారు.

లేచాను. జ్వరం సంగతి చెప్పాను. ఆట సంగతి చెప్పాను. ముసలాయన రాయైపోయాడని చెప్పాను. శాలువా దగ్గర ఆగాను. రంగు చెప్పకుండా దాటేశాను. ప్రార్థన చేశానని చెప్పాను. అక్కడి దాకా ప్రతి మాటా నిజమే. ఆ తర్వాతి వాక్యం నోటికి కంఠస్థమే కదా, రాలేదు. మరునాడు ఆయన లేచాడు అనాలి. లేచిన మాట నిజమే! అంతవరకే అని కూర్చుంటే అబద్ధమూ కాదు. కానీ వినేవాళ్ళు ఏమనుకుంటారో తెలిసి అలా అనడం నిజమూ కాదు. అసలు సంగతి చెబితే ఇన్నేళ్ళు పిల్లలకి మంత్రం పాపమని నేర్పిన మనిషిని అందరి ముందూ నిలబెట్టినట్టు. ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది. కింద ఫ్లోరు ఆవిడ నోరు కొద్దిగా తెరిచి నా వైపే చూస్తోంది.

"ఆగిపోయావేటమ్మా?" అంది ఒక పెద్దావిడ. "లేసాడను! మేమందరం ఎరుగుదుం."

"నాను నొక్కానని సెప్పు" అన్న మాట వంటింటి గుమ్మం నుంచి వచ్చింది.

అందరూ తిరిగి చూశారు. అమ్మ. చేతిలో గరిట ఉంది. అమ్మ ఎప్పుడూ కూడికలో నిలబడి సాక్ష్యం చెప్పలేదు. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు తప్ప పదిమంది ముందు గొంతెత్తదు.

"ఏంటమ్మా?" అన్నారు పాస్టరుగారు.

"ఆ ముసిలోణ్ణి నాను లేపాను అయ్యగారూ. మంత్రాల పెట్టె తెరిసి, ప్రార్థన సేసి, బటన్ నొక్కాను. పిల్లకి తెల్దు. నిన్ననే సెప్పాను. దాని తప్పేం లేదు." అని ఒక్క క్షణం ఆగి, "దేవునికి స్తోత్రం" అంది, చెప్పాలో వద్దో తెలియని గొంతుతో.

ఎవరూ "స్తోత్రం" అనలేదు. పాస్టరుగారు చిన్నవయసాయన. ఆయన పుట్టకముందు సంగతి ఇది. పుస్తకం మూశారు, తెరిచారు. అప్పుడా పెద్దావిడ మోకాలి మీద చరుచుకుని నవ్వింది. "ఓసి నీ దుంప తెగా! ఇన్నేళ్ళు ఏటీ తెల్దన్నట్టు కూకున్నావా!" ఇంకొకావిడ, "నవ్వుతావేటే, ఇది నవ్వే సంగతేనా? అయ్యగారూ, ఇంతకీ అది పాపమా, కాదా?" అంది. వెనకనుంచి ఒకాయన, "పిల్ల లేసింది కదండీ, పాపమెలా ఔద్ది?" అన్నాడు. "లేస్తే మాత్రం? మంత్రం మంత్రమే" అంది ఆవిడ. వాళ్ళ వాదన చాపల మీద ఒక మూల నుంచి ఇంకో మూలకి పాకింది. అన్నయ్య గోడకానుకుని పెదవి కొరుక్కుంటూ నవ్వాపుకుంటున్నాడు. నేను ఇంకా నిలబడే ఉన్నాను, ఎవరూ నన్ను కూర్చోమనలేదు.

పాస్టరుగారు చేయెత్తారు. "నేను దీని గురించి ప్రార్థనలో అడగాలి" అన్నారు. తర్వాత నిజాయితీగా, "నాకు తెలీదు" అన్నారు. "ముందు భోజనాలు కానివ్వండి."

భోజనాల దగ్గర అందరూ అమ్మ చుట్టూ చేరారు. సత్రంలోకి వెళ్ళని రాజకుమారుడి సంగతి అమ్మ రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. కింద ఫ్లోరు ఆవిడ నా దగ్గరికి వచ్చి, "మీ సాక్ష్యం బాగుందండీ" అని, ఒక్క క్షణం తడబడి, "మీ అమ్మగారిది" అంది. నేను వందనాలండీ అన్నాను.

ఇది జరిగి కొన్ని వారాలైంది. ఇప్పుడు కూడికల్లో పెద్దావిడలు నా వైపు తిరగరు. అమ్మనే చెప్పమంటారు. అమ్మ చెప్పదు, కొంగు తలమీదకి లాక్కుంటుంది. నేను తల వంచుకుని కూర్చుని ఆలోచిస్తాను. నేను అడిగింది దేవుణ్ణి. చేసింది అమ్మ. అమ్మ చేసింది దేవుణ్ణి అడిగి. ఆయన అవునన్నాడో కాదన్నాడో అమ్మకీ తెలియదు. నేను మాత్రం నడిచాను. వందనాలు చెప్పబోతే ఎవరితో మొదలుపెట్టాలో తెలియక మధ్యలో ఆగిపోతున్నాను. అమ్మ గురించి దేవునికి చెప్పాలా, దేవుని గురించి అమ్మకి చెప్పాలా? ఒక్కోరోజు రెండూ ఒకటేననిపిస్తుంది, తెల్లారేసరికి కావనిపిస్తుంది.

అన్నయ్య ఆటను అక్కడే ఆపి ఉంచాడు. తన సెలవు రోజున ఫోన్ చేస్తాడు.

"ముసిలోడు ఇంకా రాయిగానే ఉన్నాడే. నొక్కీనా?"

"వద్దు."

"పోనీ నువ్వొచ్చి నొక్కుతావా?"

"అడుగుతున్నాను కదన్నయ్యా. కాస్త ఉండు" అంటాను.